తెల్ల దీపం వెలిగినంత కాలం

రోజు 1

ఓడ దిగి పది అడుగులు వెయ్యకముందే నా కుడి చెప్పును బురద మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు విన్నాక నా ప్రాణం కాస్త కుదుటపడింది. పన్నెండేళ్ల కిందటి దాకా ఒకళ్లనొకళ్లు చంపుకున్న దేశంలో మనుషులు ఎలా ఉంటారో అని దారంతా భయపడుతూనే వచ్చాను.

ఈ ద్వీపం పేరు మెరోవా. మా కోరంగి సముద్ర విశ్వవిద్యాలయంలో శాంతి అధ్యయనం చదివేవాళ్లలో ఇద్దరిని ఏటా అరవై రోజులకు ఇక్కడికి పంపుతారు. ఈ ఏడాది నేను, జెకర్యా అన్న. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. ఆయన్ని కొండమీద ఉండే ఎగువవాళ్ల దగ్గర దించారు. నన్ను ఈ బురద తీరంలో, దిగువవాళ్ల దగ్గర. ఇద్దరం ఏడాదిపాటు ఈ భాష నేర్చుకుని వచ్చాం.

ఇక్కడ ఏ ఫోనూ పలకదు. కొండకీ తీరానికీ మధ్య నిలబెట్టిన కావలి స్తంభాలు గాలిలో మాట పోనివ్వవు. అందుకే ఈ నోటుపుస్తకం. రోజూ రాసి ఆఖర్న విభాగానికి ఇవ్వాలి.

మమ్మల్ని తీసుకొచ్చిన సుభాషిణి మేడమ్ ఓడలోనే ఉంటారు. పది రోజులకోసారి వచ్చి చూసి వెళ్తారు. దిగేముందు నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

"రత్నం, వాళ్ల పొయ్యి మీద వండింది తినకు. వాళ్ల పనుల్లో చెయ్యి పెట్టకు. వాళ్ల యాస పట్టకు. నువ్వు ఇక్కడ చుట్టానివి కాదమ్మా, ఉత్తరాల సంచివి."

"మరి శాంతి అధ్యయనం అంటే ఇదా మేడమ్?"

"ఇక్కడ ఇదే," అన్నారు.

రోజు 2

నేనుంటున్నది మారెల అనే ఆవిడ ఇంట్లో. యాభై ఆరేళ్లుంటాయి. ఒంటరిది. భర్త యుద్ధంలో పోయాడు. రోజూ పోటు తగ్గగానే బురదలోకి దిగి గవ్వచేపలు ఏరి తెస్తుంది. నాకు విడిగా ఒక గది, ఒక చిన్న పొయ్యి ఇచ్చారు. మేడమ్ ఇచ్చిన ఉప్మా పొట్లాలు వేడినీళ్లలో కలుపుకుని తింటున్నాను.

మధ్యాహ్నం ఆవిడ గిన్నెలో గవ్వచేపల చారు తెచ్చి గుమ్మంలో నిలబడింది. వద్దన్నాను. ఆవిడ గిన్నె తిరిగి పట్టుకెళ్తుంటే వెనకనుంచి చూశాను. మోకాళ్లు కొంచెం వంచి, పాదాలు బయటికి తిప్పి, మడమ ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇక్కడ అందరిదీ అదే నడక. తరాలుగా బురదలో నడిచిన కాళ్లు గట్టినేల మీద కూడా అలాగే పడతాయి.

ఒకరింటికి వెళ్లి వాళ్లు పెట్టింది వద్దనడం మేం ఎరగం. కొత్త ఉప్పాడలో మా అమ్మకి తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వదు.

రోజు 6

మొదటిసారి ఉత్తరాలు మోశాను.

కొండకీ తీరానికీ మధ్య ఆరువందల అడుగుల వెడల్పున ఖాళీ నేల. అందులో గడ్డి తప్ప ఏమీ లేదు. సరిగ్గా మధ్యలో, వాగు పొడవునా నలభై ఒక్క స్తంభాలు. ఈ పక్కనా ఆ పక్కనా నేలమీద సున్నం గీత. గీత దాటి లోపలికి అడుగుపెడితే స్తంభం మనల్ని చూడ్డం మొదలుపెడుతుంది.

దిగువవాళ్ల పెద్ద ఓబెన్ నన్ను గీతదాకా తీసుకొచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. మెళ్లో ఎప్పుడూ దుర్భిణి వేలాడుతుంటుంది.

"వాటికి తెలిసింది ఇద్దరే," అన్నాడు. "మేమూ వాళ్లూ. మా నడక, మా గొంతు, వాళ్ల నడక, వాళ్ల గొంతు. మా ఇద్దరిలో ఎవరు అడుగుపెట్టినా పైన దీపం పసుపు అవుతుంది. ఆ తర్వాత తొమ్మిది అడుగులు ఓర్చుకుంటుంది. పదో అడుగుకి కాలుస్తుంది. మీరు మూడోవాళ్లు. మీకు తెల్ల దీపం."

"వీటిని ఎవరు పెట్టారండీ?"

"మేమే. రెండు వైపులవాళ్లం కలిసి తెప్పించాం. చంపుకోవడం ఆపడానికి వేరే దారి తోచలేదు. ఆగింది కూడా."

"మరి ఇప్పుడు తీసెయ్యొచ్చుగా?"

ఆయన గీత పక్కన వరసగా పాతిన రాళ్లవైపు చూశాడు. పదిహేడు రాళ్లు. పదో అడుగు వేసినవాళ్లవి.

"తీసేశాక ముందు ఎవరు దాటి వస్తారో, చేతిలో ఏం పట్టుకొస్తారో ఎవరు చెప్పగలరు?" అన్నాడు.

గీత దాటాను. దీపం తెల్లగా వెలిగింది. వాగు దాకా మూడువందల అడుగులు. అవతలనుంచి జెకర్యా అన్న వచ్చాడు. సంచులు మార్చుకున్నాం. నా సంచిలో రెండువందల పైచిలుకు ఉత్తరాలు, ఒక పెళ్లిబట్టల మూట, కళ్లజోడు ఒకటి. యుద్ధానికి ముందు ఈ రెండు ఊళ్లూ పిల్లనిచ్చి పుచ్చుకున్నవే. అందుకే సగం కుటుంబాలు అటు, సగం ఇటు. ఆరు రోజులకోసారి మేం మోసే ఈ సంచులే వాళ్లకి మిగిలిన దారి.

"ఎలా ఉంది అన్నా పైన?" అనడిగాను.

"బాగానే ఉంది. ఎవరితో మాట్లాడను. ఎవరి పేరూ తెలీదు. తలుపు దగ్గర పెట్టిన ఉత్తరాలు తీసుకుంటాను, వచ్చినవి పెడతాను," అన్నాడు. మేడమ్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

రోజు 7

మారెలకి చూపు సరిగా ఆనదు. నిన్న వచ్చిన ఉత్తరం పట్టుకుని నా గది ముందు కూర్చుంది. ఇన్నేళ్లూ ఓబెన్ చదివి పెట్టేవాడట. "ఆయన గొంతులో అన్నీ పంచాయితీ తీర్పుల్లా వినిపిస్తాయి. నువ్వు చదువు పిల్లా," అంది.

ఉత్తరం ఆవిడ కూతురు సూనె రాసింది. యుద్ధానికి ఏడాది ముందు కొండమీది కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లింది. అప్పటికి పందొమ్మిదేళ్లు. స్తంభాలు లేచినప్పటినుంచి తల్లీ కూతుళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. ఉత్తరంలో పెద్ద సంగతులేం లేవు. కప్పు కారుతోందట, కొత్తగా పుట్టగొడుగుల కూర వండడం నేర్చుకుందట. మారెల మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి పెదాలు కదుపుతూ నాతోపాటే చెప్పింది.

చదవడం అయ్యాక చారు గిన్నె ముందుకు జరిపింది. తిన్నాను.

రోజు 13

పోటు తగ్గాక నేనూ బురదలోకి దిగుతున్నాను. జ్వరంతో ఉన్న మారెల ఒక్కతీ గవ్వచేపలు వేసుకునే బురదబల్ల లాక్కుంటూ వెళ్తుంటే గదిలో కూర్చుని నోటుపుస్తకం రాసుకోవడం నా వల్ల కాలేదు. మొదటిరోజు నాలుగుసార్లు పడ్డాను. పక్కింటి కేతి అక్క నా మోకాళ్ల వెనక తట్టి, "ఇక్కడ వంచు, పాదం బయటికి తిప్పు, లేకపోతే కాలు ఊడి బురదలోనే ఉంటుంది," అని నేర్పింది. కేతి అక్క భర్త స్తంభాలు లేచిన రోజున పనిమీద కొండకి వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ఆవిడ రాసే ఉత్తరాలు ఇటుకల్లా మందంగా ఉంటాయి.

మారెలని "నాయె" అని పిలుస్తున్నాను. వాళ్ల భాషలో పెద్దమ్మ అని.

రోజు 24

వాగు దగ్గర జెకర్యా అన్న సంచి అందుకుంటూ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నీ నడక మారిపోయింది రత్నం."

"బురదలో తిరుగుతున్నా కదా."

"దూరంనుంచి వస్తుంటే ఎవరో దిగువావిడ పొరపాటున వచ్చేస్తోందనుకున్నా. గుండె ఆగినంత పనైంది." గొంతు తగ్గించాడు. "దీపం చూశావా?"

చూశాను. తెల్లగానే ఉంది. కాని అంచున లేతగా ఏదో ఉన్నట్టనిపించింది. ఎండ అనుకున్నాను.

రోజు 30

ఎండ కాదు.

గీత దాటి ఇరవై అడుగులు వేశానో లేదో, దీపం పసుపు రంగులోకి తిరిగింది. సంచి చేతిలోంచి జారింది. వెనక ఓబెన్ అరుస్తున్నాడు. "కదలకు! వెనక్కి రా! తిరక్కుండా వెనక్కి అడుగెయ్!" వెనక్కి వేసే అడుగుల్ని అది లెక్కపెడుతుందో లేదో కూడా నాకు తెలీదు. వెనక్కి వెనక్కి నడిచి గీత దాటి గడ్డిలో కూలబడ్డాను. వాగు దగ్గర జెకర్యా అన్న చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నిలబడి కనిపించాడు.

కాసేపయ్యాక ఆయనే ఇటు దాకా నడిచొచ్చి, పడిపోయిన సంచి తీసుకుని వెళ్లాడు. ఆయన మీద దీపం పాలలా తెల్లగా ఉంది.

మారెల నన్ను ఇంటికి తీసుకొచ్చి కాళ్లు కడిగింది. ఆవిడ మొహం నవ్వినట్టే ఉంది. "స్తంభానికి కూడా తెలిసిపోయింది, నువ్వు మాదానివని," అంది. ఆ మాటకి ఏడుపొచ్చింది. సంతోషమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రోజు 31

మేడమ్ వచ్చారు. ఓడకి కబురు అంది, రావాల్సిన రోజు కాకపోయినా వచ్చారు. కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే అదింకా నయంగా ఉండేది.

"నీకు ముందున్న పదకొండుమంది ఆడపిల్లలూ నీలాగే మంచివాళ్లే రత్నం. వాళ్లకీ మనసుంది. కాని వాళ్లు పొట్లాలు తిని, గదిలో కూర్చుని, అరవై రోజులూ తెల్లగా ఉండి వెళ్లారు. ఎందుకో తెలుసా? ఆ ఉత్తరాలు ఆగకూడదని."

"తెలుసండి."

"తెలిసీ చేశావు."

మిగతా రోజులు ఓడలో ఉండమన్నారు. ఇక్కడే ఉంటాననీ, గీత దగ్గరికి వెళ్లననీ ప్రాధేయపడ్డాను. ఒప్పుకున్నారు. ఇకనుంచి జెకర్యా అన్న ఒక్కడే ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చి వెళ్తాడు.

రోజు 36

అన్న తెచ్చిన సంచిలోంచి సూనె ఉత్తరం నేనే ఏరి పెట్టాను. చదవడం మొదలుపెట్టాక రెండో వాక్యం దగ్గర నాలుక తిరగలేదు.

"ఊపిరి బిగబట్టావు," అంది మారెల. "ఏముందో అదే చదువు. నీ సొంతం కలపకు."

చదివాను.

"అమ్మా, ఈ మధ్య మెట్లెక్కలేకపోతున్నాను. దగ్గితే రక్తం పడుతోంది. ఇక్కడి వైద్యురాలు వానలదాకా అంది. నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండా పోతే నువ్వు ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటావు కదా. అది తలుచుకుంటే ఇంకా భయమేసింది."

వానలకి ఇంకా నెల కూడా లేదు. మారెల ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టి, లేచి వెళ్లి గవ్వచేపలు ఉడుకుతున్న కుండ దించింది. ఒక్కొక్క గవ్వా తెరిచి మాంసం తీసి గిన్నెలో వేసింది. కుండ ఖాళీ అయ్యేదాకా అదే పని. తర్వాత నావైపు తిరిగి అడిగింది.

"నువ్వు మాదానివి అయిపోయావు కదా పిల్లా. మరి నేను మీదాన్ని కాలేనా?"

రోజు 38

ఆ మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. నడక మారితే దీపం మారుతుంది. నాకు మారింది. అయితే ఆవిడకీ మారాలి.

చిక్కేమిటంటే నేను ఎలా నడిచేదాన్నో నాకే గుర్తులేదు. పెరట్లో అటూ ఇటూ నడిచి చూపిస్తే మారెల నవ్వింది. "అది నా నడకే!" అంది. నిజమే. మోకాళ్లు వాటంతటవే వంగుతున్నాయి.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పొడి ఇసకలో వెళ్తుంటే మెడ కదిలేది కాదు. ఇక్కడివాళ్లు బరువులన్నీ బురదబల్ల మీద లాగుతారు, నెత్తిన ఏదీ ఎత్తుకోరు. గుడ్డ చుట్టకుదురు చేసి, సగం నీళ్లు పోసిన కుండ మారెల నెత్తిన పెట్టాను. రెండడుగులకే పడి పగిలింది. రెండో కుండ ఐదడుగులకి. మూడోది తొణికి మొహం తడిసింది. నాలుగోదానికి ఆవిడ మోకాళ్లు నిటారుగా నిలిచాయి.

రోజు 42

జెకర్యా అన్న ఉత్తరాలతో వచ్చినప్పుడు చెప్పేశాను. నీతోపాటు ఇంకో విద్యార్థిలా, నా బట్టల్లో, మారెల నడుస్తుందని.

"నీకు పిచ్చి పట్టింది," అన్నాడు. "పసుపు వెలిగితే నేనేం చెయ్యాలి? ఆవిణ్ణి మొయ్యాలా?"

"వెలగదు అన్నా. చూడు ఒకసారి."

పెరట్లో మారెల నడిచి చూపించింది. కుండ లేకుండానే మెడ నిలిపింది. నేను నేర్పిన తెలుగు మాటలు కూడా చెప్పింది. "తమ్ముడూ, పోదాం పద. ఎండగా ఉంది." ఆ మాటలు ఆవిడ నోట అచ్చం మా ఉప్పాడ ఆడవాళ్ల మాటల్లా పలికాయి. అన్న నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఇంకోటి ఆలోచించావా? ఆ స్తంభాలు నేర్చుకుంటాయి రత్నం. నిన్ను నేర్చుకున్నాయి. ఈవిడ దిగువావిడని అవి ఎక్కడైనా కనిపెడితే, మన నడక నడిచేవాళ్లలో కూడా దిగువవాళ్లు ఉంటారని నేర్చుకుంటాయి. అప్పుడు నా గతేంటి? ఈ సంచి గతేంటి?"

"ఒక్కసారికి ఏం నేర్చుకుంటాయి?" అన్నాను.

ఈ వాక్యం కొట్టెయ్యకుండా ఇలాగే ఉంచుతున్నాను. అన్నాను కాబట్టి.

వెళ్లేముందు అన్న గుమ్మం దగ్గర ఆగాడు. "కిందటి వారం ఆ సూనె ఉత్తరం ఇస్తూ నా పేరు అడిగింది," అన్నాడు. "నలభై రోజుల్లో నా పేరు అడిగిన మొదటి మనిషి. చెప్పాను. 'జెకర్యా, మా అమ్మ ఎలా ఉంటుందో చెప్పు' అంది. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు." సంచి భుజానికెత్తుకున్నాడు. "వచ్చేసారికి సిద్ధంగా ఉంచు."

రోజు 47

మేడమ్ నిన్ననే వచ్చి వెళ్లారు. చెప్పలేదు. ఓబెన్ కీ చెప్పలేదు. మారెల ఇల్లంతా కడిగింది. బురదబల్ల కేతి అక్కకి ఇచ్చేసింది, నడుం నొప్పి అని అబద్ధం చెప్పి.

"వెనక్కి రాలేవు పెద్దమ్మా," అన్నాను. "వానలయ్యాక కూడా. ఆలోచించుకున్నావా?"

"ఇక్కడ నాకు ఎదురుచూడ్డం తప్ప ఇంకేం పని ఉంది?" అంది.

"ఒకవేళ దీపం..."

"అయితే పద్దెనిమిదో రాయి. నేను అడిగాను, నువ్వు నేర్పావు. మిగతాది నీ నెత్తిన వేసుకోకు."

రోజు 48

ఎలా జరిగిందో అలా రాస్తాను.

అన్న పొద్దున్నే వచ్చి సంచి ఇచ్చాడు. వెనక్కి వెళ్లేటప్పుడు పక్కన మారెల. నా నీలం చొక్కా, నా టోపీ, భుజాన సంచి. గీత దగ్గర ఓబెన్ లేడు, వలల దగ్గర ఏదో తగువు తీరుస్తున్నాడు. ఆయన దుర్భిణి అడిగి తెచ్చుకున్నాను.

గీత దాటారు. తెల్ల దీపం.

ఆవిడ మెడ కదల్లేదు. నేను పక్కనే ఉన్నట్టు నా పెదాలు కూడా కదులుతున్నాయి. నిటారుగా, నిటారుగా. వాగు దాటారు. మారెల అన్నవైపు తిరిగి ఏదో అంది. దుర్భిణిలో పెదాలు చూసి తెలిసింది, "తమ్ముడూ, పోదాం పద." అవతలి సగం. తెల్ల దీపం. గీతకి ఇంకా ముప్పై అడుగులుందనగా కొండమీంచి ఒక మనిషి దిగుతూ కనిపించింది. సన్నగా, దారి పక్క గోడ పట్టుకుని. గీత దగ్గర ఆగింది. సూనె.

అన్న ముందే చెప్పాడు కాబట్టి సూనెకి తల్లి వస్తోందని తెలుసు. కాని వస్తున్న మనిషి నడకలో తల్లి లేదు. కళ్లు చిట్లించి అటూ ఇటూ వెతుకుతోంది. ఎదురుగా వస్తున్నావిణ్ణి దాటి వెనక్కి చూస్తోంది. ఆఖరికి అటు తిరిగి వెళ్లిపోబోయింది.

గీతకి పది అడుగులుందనగా మారెల కేక పెట్టింది. తన భాషలో, తన గొంతుతో, కూతురి చిన్నప్పటి పేరు పెట్టి. ఆ కేక ఇక్కడిదాకా వినిపించింది.

దీపం పసుపు.

ఆ వెంటనే మోకాళ్లు వంగాయి, పాదాలు బయటికి తిరిగాయి. ఆవిడ పరిగెత్తుతోంది, బురదలో పరిగెత్తినట్టు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అన్న ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆరు, ఏడు. సూనె గీత దగ్గర మోకాళ్లమీద కూలబడి చేతులు చాపింది. ఎనిమిది. తొమ్మిది. అన్న ఆవిణ్ణి వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. ఆవిడా అన్నా ఇద్దరూ గీత అవతల పడ్డారు.

కాల్పు వినిపించింది. గీత ఇవతల గడ్డి ఎగిరింది.

దుర్భిణిలో ముగ్గురూ కదులుతున్నారు. ముగ్గురూ. అంతవరకు చూసి దుర్భిణి దించేశాను.

రోజు 49

కాల్పు ఊరంతా విన్నది. ఓబెన్ కి చెప్పేశాను. ఆయన గంటసేపు మారెల గుమ్మంలో కూర్చున్నాడు. కేతి అక్క మాత్రం వచ్చి నన్ను కావిలించుకుంది. "చేరింది కదా, అది చాలు," అంది. బరువు దిగినట్టయింది నాకు.

రోజు 54

ఉత్తరాల రోజు. గీత దగ్గర అందరూ నిలబడ్డారు, మారెల కబురు కోసం.

అవతల జెకర్యా అన్న సంచితో గీత దాటాడు. మూడో అడుగుకే దీపం పసుపు అయ్యింది.

ఆగాడు. వెనక్కి వెళ్లి, ఇంకోచోట ప్రయత్నించాడు. అక్కడి స్తంభమూ పసుపే. మూడోచోటా అంతే. చివరికి సంచి గడ్డిలో పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు, చాలాసేపు.

అవి నేర్చుకున్నాయి. ఇక మూడో మనిషంటూ లేడు.

మా చుట్టూ ఉన్నవాళ్లకి విషయం అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు చేతిలో ఉత్తరాలు పట్టుకుని ఇళ్లకి మళ్లారు. కేతి అక్క ఇటుకంత ఉత్తరం రవికెలో దోపుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"ఒక్క మారెలకే కూతురుందా పిల్లా?" అంది.

ఈ ఊళ్లో నాలుగువందల ఇళ్లున్నాయి. ఒక తల్లిని చేర్చి, నాలుగువందల ఇళ్ల నోరు మూశాను. మారెల వెళ్లే ముందు రోజే అంది, నెత్తిన వేసుకోవద్దని. ఎలా వేసుకోకుండా ఉంటాను?

రోజు 56

మేడమ్ వచ్చారు. నివేదిక ఓడలోంచే పంపేశారట. విశ్వవిద్యాలయం ఈ పర్యటనలు ఆపేస్తుంది. వచ్చే ఏడు ఎవరూ రారు. అరవయ్యో రోజున నన్ను ఇక్కడా అన్నని కొండకి అటువైపు రేవులోనూ ఎక్కించుకుంటారు.

"నన్ను డిబార్ చేస్తారా మేడమ్?"

"చెయ్యొచ్చు." కాగితం తీసి, "ఆవిడ కూతురి దగ్గరికి చేరిందా?" అని అడిగారు.

"చేరిందండి."

మేడమ్ ఏదో రాసుకుని, రాసింది కొట్టేశారు.

సాయంత్రం వలల పాకలో ఊరి సమావేశం. నన్ను మూల కూర్చోబెట్టారు. తిడతారనుకున్నాను. మొదట తిట్టారు కూడా. నన్ను ఎవరు పంపారని, ఎందుకు చేశానని. నేను లేచి, తప్పు నాదేనన్నాను. అప్పుడు కేతి అక్క లేచింది.

"దాని తప్పు అది ఒప్పుకుంది. మీరో?" అని ఓబెన్ వైపు తిరిగింది. "పన్నెండేళ్లుగా పరాయి దేశపు పిల్లలు మా ఉత్తరాలు మోశారు కాబట్టి మీకు ఆ కొండవాళ్ల మొహం చూడాల్సిన పని పడలేదు. వాళ్లకీ పడలేదు. ఆ స్తంభాలు నిలబెట్టింది మీరేగా పెద్దలు? ఇప్పుడు మా ఆయన బతికున్నాడో లేడో ఎవర్ని అడగాలి? స్తంభాన్నా?"

ఓబెన్ మెళ్లోని దుర్భిణి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒక్క కేకైతే చేరుతుందేమో, మాట వినపడదు," అన్నాడు. "మూడువందల అడుగులకే గాలి మింగేస్తుంది. వాళ్లకేం చెప్పినా ఎలా చెప్తాం?"

"రాయండి," అంది కేతి అక్క. "కనపడేంత పెద్దగా."

రోజు 57

పది దుప్పట్లు కలిపి కుట్టారు. రాత్రి వంటల మసిలో చేప నూనె కలిపి రంగు చేశారు. ఏం రాయాలో తేలడానికి సగం పూట పట్టింది. ఓబెన్ "మాట్లాడుకుందాం" అని రాయిద్దామన్నాడు. అది చదివితే వాళ్లు ఇదేదో ఎత్తు అనుకుంటారన్నారు కుర్రవాళ్లు. ఆఖరికి "మారెల ఎలా ఉంది?" అని రాశారు. దాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

ఎనిమిదిమంది గీత దగ్గర దుప్పటి చాపి ఎత్తి పట్టుకున్నారు. కొండమీద మనుషులు పోగయ్యారు. పరిగెత్తారు, మళ్లీ వచ్చారు. ఏ జవాబూ లేదు. పొద్దు వాలేదాకా పట్టుకున్నారు.

రోజు 58

ఈ పూట జవాబు వచ్చింది. కొండ గీత దగ్గర పెద్ద తెల్లగుడ్డ లేచింది. ఓబెన్ దుర్భిణి పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాడు. చదువుతుంటే ఆయన మొహం ఎర్రబడింది.

"మా నలభై మేకలు ఏమయ్యాయి?"

గీత దగ్గరున్న జనమంతా గొల్లుమంది. "మేకలా! పన్నెండేళ్ల కిందటి మేకలా!" అని ఒకడు. "మన పడవలు కాల్చింది ఎవరో ముందు చెప్పమనండి!" అని ఇంకొకడు. ఓబెన్ దుర్భిణి నాకిచ్చి, "రంగు తెండి! ఇంకో దుప్పటి తెండి!" అని అరిచాడు. నెమ్మదస్తుడనుకున్న మనిషి.

నేను దుర్భిణి పెట్టుకున్నాను. గుడ్డ పట్టుకున్న కొండవాళ్ల మధ్య జెకర్యా అన్న ఉన్నాడు. ఎవరో ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నారు, ఆయన తల ఊపుతున్నాడు. వాళ్ల వెనక, గడ్డిలో వేసిన మంచం మీద ఒక మనిషి పడుకుని ఉంది. మంచం పక్కన నేలమీద, మోకాళ్లు ముడుచుకుని, నా నీలం చొక్కాలో మారెల. ఇటువైపు చూడ్డం లేదు. మంచంమీది మనిషికి ఏదో తినిపిస్తోంది.

కేతి అక్కకి దుర్భిణి ఇచ్చాను. తీసుకుంది, నా మొహం చూడకుండా. తన భర్త కోసం గుడ్డ పట్టుకున్న మొహాలన్నీ ఒక్కొక్కటే వెతికింది. దొరికాడో లేదో చెప్పలేదు. దుర్భిణి నా చేతిలో పెట్టి, రంగు కలపడానికి వెళ్లింది.

రోజు 59

రేపు ఓడ. సంచి సర్దుకోవాల్సింది, ఇంకా సర్దలేదు.

పొద్దున్నుంచి ఐదు దుప్పట్లు లేచాయి ఇటునుంచి, నాలుగు అటునుంచి. మేకలు, పడవలు, ఒక బావి, ఎవరో తిరిగి ఇవ్వని రెండు ఎద్దులు. ఒక్క మంచి మాట లేదు. శాంతి అధ్యయనంలో నేను చదివిన ఏ పాఠంలోనూ ఇలా మొదలవుతుందని లేదు. ఇది మొదలవడమో, మళ్లీ పాతది రాజుకోవడమో కూడా నాకు తెలీదు. కాని ఓబెన్ గీత దగ్గరే పీట వేసుకుని కూర్చున్నాడు, భోజనానికి కూడా లేవలేదు. అవతల గీత దగ్గర కూడా ఒక ముసలాయన పీట వేసుకున్నాడు.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచింది. ఆరో దుప్పటి ఎత్తుతుంటే ఒక చివర చేతులు చాలలేదు. నేను పది అడుగుల వెనకే నిలబడి ఉన్నాను, దగ్గరికి వెళ్లే ధైర్యం లేక.

కేతి అక్క వెనక్కి తిరిగి చూసింది.

"అక్కడ నిలబడి ఏం చూస్తావ్? ఈ కొస పట్టుకో. గట్టిగా. గాలికి అక్షరాలు మడతపడుతున్నాయి, వాళ్లకి కనపడొద్దూ?"

వెళ్లి పట్టుకున్నాను.